నిన్న ఓర్చుకున్న చప్పుడు ఈరోజు భరించలేకపోతే...

"నిన్న బాగానే ఉన్నాడుగా, ఈరోజేమైంది?" ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ ప్రశ్న కొత్త కాదు. పోయిన వారం మిక్సీ పక్కనే నిలబడి చూసిన పిల్లాడు ఈ వారం స్విచ్ వేయగానే చెవులు మూసుకుని గదిలోకి పరుగెడతాడు. రోజూ ఇష్టంగా తినే పెరుగన్నం ఒక్కసారిగా ముట్టనంటాడు. చూసేవాళ్లకు అది మొండితనంగానో, మా గారాబంగానో కనిపిస్తుంది. తొమ్మిదేళ్ల అబ్బాయికి తండ్రిగా, కౌలాలంపూర్‌లో ఉంటున్న సాటి తెలుగువారితో ఈ విషయం కొంచెం మాట్లాడాలనిపించింది.

ఆటిజాన్ని తొలినాళ్లలో వివరించిన డాక్టర్ లియో కానర్ 1943 నాటి వ్యాసంలోనే ఈ సంగతి ఉంది. ఆయన చూసిన 11 మంది పిల్లల్లో కొందరికి వ్యాక్యూమ్ క్లీనర్, లిఫ్ట్ వంటివంటే విపరీతమైన భయం. కానీ అంత చప్పుడూ ఆ పిల్లలే స్వయంగా సంతోషంగా చేయగలరని కూడా ఆయన గమనించారు. అంటే చెప్పాపెట్టకుండా మీదికొచ్చే చప్పుడుకీ, తాను చేసే చప్పుడుకీ తేడా ఉందన్నమాట. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 ప్రమాణాలు శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శలకు మరీ ఎక్కువగా స్పందించడాన్నీ, మరీ తక్కువగా స్పందించడాన్నీ ఆటిజం లక్షణాల్లో స్పష్టంగా చేర్చాయి. ఒకే బిడ్డలో ఈ రెండూ ఉండవచ్చు.

మరి ఆ స్పందన రోజుకో తీరుగా ఎందుకు మారుతుంది? మొదటిది, భారం పోగవుతుంది. రాత్రి నిద్ర చాలలేదు, బడిలో పరీక్ష, దారిలో ట్రాఫిక్, కొత్త చొక్కా కాలర్ గుచ్చుకుంటోంది. వీటన్నిటి తర్వాత కుక్కర్ విజిల్ వస్తే అది నిన్నటి విజిల్‌లా వినిపించదు. రెండోది, ముందుగా తెలియడం. మా ఇంటి దగ్గర మసీదు నుంచి వచ్చే అజాన్ మావాడిని ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు, ఎప్పుడొస్తుందో వాడికి తెలుసు. చైనీస్ నూతన సంవత్సరం రాత్రి ఎటునుంచో పేలే బాణసంచాకు మాత్రం వణికిపోతాడు. మూడోది వయసు. 14 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2009లో వెలువడింది. ఇలాంటి స్పందనల్లో తేడా ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. అయితే అందరు పిల్లలూ ఒకే దారిలో నడవరు. తగ్గిందనుకున్నది తిరిగి రావచ్చు, కొత్తది మొదలవచ్చు.

అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ అనుభవం దీనికి మంచి ఉదాహరణ. చిన్నప్పుడు ఎవరైనా దగ్గరకు తీసుకుంటే ఆమె తట్టుకోలేకపోయేవారు. అయినా ఒంటికి గట్టి ఒత్తిడి కావాలనిపించేది. చివరికి ఒత్తిడిని తానే పెంచుకుని తగ్గించుకోగల యంత్రాన్ని తయారు చేసుకున్నారు. కౌగిలిలోనూ ఒత్తిడే, యంత్రంలోనూ ఒత్తిడే. రెండోదాని మీట మాత్రం ఆమె చేతిలో ఉంది.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒకసారి కనిపించి మరోసారి మాయమయ్యే సమస్య వస్తే, అప్పుడు ఇంకేం జరుగుతోందో లాగ్ తీసి చూస్తాం. ఇంట్లోనూ ఆ అలవాటు పనికొస్తుంది. మేము ఒక నోటు పుస్తకంలో నిద్ర, తిండి, జనం, వాన, ముందు జరిగిన సంగతులు రెండు మూడు ముక్కల్లో రాసుకుంటాం. ఇక్కడ సాయంత్రం వాన పడితే ఉరుములు తప్పవు, ఆ రోజు బజారు పని పెట్టుకోం. మరో ముఖ్యమైన మాట: స్పందన ఉన్నట్టుండి బాగా మారితే చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం వంటివి ఉన్నాయేమో డాక్టరుకు చూపించాలి. నొప్పిని మాటల్లో చెప్పలేని బిడ్డ దాన్ని ఇలాగే తెలియజేస్తుండవచ్చు. "అలవాటైపోతుందిలే" అని చప్పుడు మధ్య బలవంతంగా కూర్చోబెడితే భయం ముదిరే ప్రమాదమే ఎక్కువ.

ఈ నగరం కొంత నేర్చుకుంది. సన్‌వే పుత్ర మాల్‌లో ఇలాంటి పిల్లలు సేదతీరడానికి ప్రశాంతమైన గది పెట్టారు. కేఎల్‌ఐఏ విమానాశ్రయంలో ఆటిజం ఉన్న ప్రయాణికులకు సాయం చేసే ఏర్పాటు ఉంది. తల్లిదండ్రులకు దారి చూపడానికి జాతీయ ఆటిజం సంఘం 'నాసోమ్' 1980ల నుంచీ పనిచేస్తోంది. సెలవులకు తెలంగాణ వెళ్లేవారికి సికింద్రాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది.

ఇక మన వేడుకల సంగతి. ఉగాదికో, బతుకమ్మకో హాలులోకి అడుగు పెడితే నాలుగు మూలలా సౌండ్ బాక్సులు, మెరిసే లైట్లు, వరుసగా పలకరింపులు. ప్రేమతోనే బుగ్గ గిల్లుతారు, "అంకుల్‌కి నమస్తే పెట్టు నాన్నా" అంటారు, ఫొటోకి స్టేజీ మీదికి లాగుతారు. పోయిన ఏడాది మూడు గంటలు కూర్చున్న పిల్లాడు ఈ ఏడాది పది నిమిషాలకే ఏడిస్తే నలుగురూ తిరిగి చూస్తారు. అలాంటి చూపులు రెండుసార్లు ఎదురైతే ఆ కుటుంబం మూడోసారి రాదు. ఇంటి బయట తెలుగు మాట, తెలుగు పాట వినిపించే చోట్లు ఇక్కడ ఎన్నో లేవు. ఉన్న ఆ ఒక్కటీ ఆ బిడ్డకు దూరమవుతుంది.

దీన్ని ఆపడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. హాలు పక్కన ఒక చిన్న గదిలో లైట్లు తగ్గించి, నాలుగు చాపలు వేయండి. ఒక మూలనైనా సౌండ్ బాక్సు లేకుండా చూడండి. ఏ కార్యక్రమం ఎన్నింటికో, డప్పులు ఎప్పుడు మోగుతాయో ముందే చెప్పండి. మధ్యలో లేచి వెళ్లినా, మళ్లీ వచ్చినా ఎవరూ ఏమీ అనరని మైకులో ఒక మాట అనండి. బిడ్డను తాకే ముందు తల్లినో తండ్రినో అడగండి. ఆహ్వానాన్ని వాట్సాప్‌లో పంపేటప్పుడు వేదిక, సమయం కింద "ప్రశాంతమైన గది ఉంది" అని ఒక వాక్యం చేర్చండి. వద్దామా వద్దా అని ఇంట్లో ఆలోచిస్తున్నవారికి బయల్దేరడానికి ఆ వాక్యం చాలు.