తెర మీదికి దూకే ప్రకటనలను తరిమేద్దాం! మన ఇంటి కంప్యూటర్‌ను మనమే బాగుచేసుకుందాం!

జహీరాబాద్ పట్టణ, పరిసర గ్రామాల ప్రజలకు విజ్ఞప్తి



హాల్‌టికెట్ తీసుకుందామని బిడ్డ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. బ్రౌజర్ తెరవగానే రమ్మీ ప్రకటన. దాన్ని మూస్తే బెట్టింగ్ యాప్. అదీ మూస్తే కింద కుడి మూలన ఇంకో పెట్టె: ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి’. గూగుల్‌లో వెతుకుదామంటే ఎన్నడూ పేరు వినని సెర్చ్ పేజీ వస్తుంది. మహీంద్రా ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన తండ్రి ‘మిషన్ కరాబైంది, కొత్తది కొనాలేమో’ అంటాడు. షాపుకు తీసుకుపోతే ‘ఫార్మాట్ కొట్టాల్సిందే’ అంటారు. పైసలు పోతాయి, దాచుకున్న పెళ్లి ఫొటోలు పోతాయి. కొన్నాళ్లకు అవే ప్రకటనలు మళ్లీ వస్తాయి.

మిషన్ కరాబు కాలేదు. మీ తెర మీద ఎవడో కిరాయి కట్టకుండా దుకాణం పెట్టుకున్నాడు. చాలా ఇళ్లలో వాణ్ణి ఖాళీ చేయించడానికి ఒక పూట చాలు. పైసా ఖర్చు లేదు. ఆ పూట పని ఏమిటో చెప్పడానికే ఈ కరపత్రం.

ఈ ప్రకటనలతో ఎవరికి లాభం?

మనం అడగకుండానే ప్రకటనలు చూపించే సాఫ్ట్‌వేర్‌ను యాడ్‌వేర్ అంటారు. అది మీ ఫైళ్లను చెడగొట్టదు, చెడగొడితే దానికే నష్టం. మీరు రోజూ కంప్యూటర్ తెరవాలి, ప్రకటన చూడాలి, పొరపాటున నొక్కాలి. ప్రతి నొక్కుకూ ఎక్కడో ఒకడి ఖాతాలో పైసలు పడతాయి. అందుకే అది హోమ్ పేజీని మారుస్తుంది, సెర్చ్ ఇంజిన్‌ను మారుస్తుంది, మీరు ఏం వెతుకుతున్నారో రాసి పెట్టుకుంటుంది.

ఇది చిల్లర వ్యవహారం కాదు. 2017 జూన్‌లో చెక్‌పాయింట్ అనే భద్రతా సంస్థ ‘ఫైర్‌బాల్’ అనే యాడ్‌వేర్ గుట్టు బయటపెట్టింది. బీజింగ్‌లోని రాఫోటెక్ అనే ప్రకటనల కంపెనీ దాన్ని ఉచిత సాఫ్ట్‌వేర్ల వెనక దాచి వదిలింది. ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలోకి చేరిందని, అందులో 2 కోట్ల 53 లక్షలు మన దేశంలోనివేనని, అందరికంటే ఎక్కువ బాధితులం మనమేనని ఆ సంస్థ లెక్క చెప్పింది. అంత లేదని మైక్రోసాఫ్ట్ వాదించింది. ఎవరి లెక్క ఎలా ఉన్నా, మన తెర ఒకరికి ఆదాయ మార్గం అన్నది మాత్రం తేలిపోయింది.

కొత్త మిషన్ అయితే భయం లేదనుకోకండి. 2014 చివర్లో లెనోవో అమ్మిన కొన్ని లాప్‌టాప్‌లలో ‘సూపర్‌ఫిష్’ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ డబ్బాలోంచే వచ్చింది. బ్యాంకు సైట్లకు ఉండే భద్రతను కూడా అది బలహీనపరిచింది. 2015లో గొడవయ్యాక గానీ కంపెనీ దాన్ని తీయలేదు.

మన తెలుగువాళ్ల సంగతికి వద్దాం. కొత్త సినిమా పైరసీ కాపీ ఊరికే దొరుకుతుందని లక్షల మంది ఐబొమ్మ సైట్‌కు పోయారు. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు దాని నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు. చూడటానికి వచ్చినవాళ్లను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించి డబ్బు చేసుకున్నాడని పోలీసులు చెప్పారు. టికెట్ డబ్బులు మిగిలాయని మనం సంబరపడ్డాం. అక్కడ మనమే సరుకుగా అమ్ముడుపోయాం.

లోపలికి ఎట్లా వస్తాయి?

తలుపు పగలగొట్టుకుని రావు. మన చేతనే తీయించుకుంటాయి. దారులు ఇవి:

● ‘నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్’: పీడీఎఫ్ మార్చే సాఫ్ట్‌వేరో, వీడియో ప్లేయరో దించుకుంటాం. మధ్యలో ఒక పేజీలో చిన్న అక్షరాలతో ‘ఇంకో రెండు ప్రోగ్రాములు కూడా వేస్తున్నాం’ అని ఉంటుంది. టిక్కు ముందే కొట్టి ఉంటుంది. చదవకుండా నెక్స్ట్ నొక్కితే ఒప్పుకున్నట్టే.

● ‘అలౌ’ బటన్: ఏదో సైట్‌లో ‘మీరు రోబో కాదని రుజువు చేయడానికి అలౌ నొక్కండి’ అని వస్తుంది. నొక్కితే రుజువయ్యేది ఏమీ లేదు. ఆ సైట్ ఎప్పుడంటే అప్పుడు మీ తెర మూలకు నోటిఫికేషన్ పంపడానికి అనుమతి దొరుకుతుంది. మూలన వచ్చే చాలా ‘వైరస్’ హెచ్చరికలు ఇట్లా వచ్చినవే.

● క్రాకులు: దొంగ విండోస్ యాక్టివేటర్, దొంగ ఫొటోషాప్, తెలుగు టైపింగ్ కోసం దొంగ ఫాంట్ ప్యాకేజీ. వీటిని వేసేటప్పుడు ‘ముందు యాంటీవైరస్ ఆపెయ్యి’ అని రాసి ఉంటుంది. కాపలావాణ్ణి పంపెయ్యమన్నవాడు లోపల ఏం పెడతాడో మీరే ఆలోచించండి.

● దొంగ డౌన్‌లోడ్ బటన్: ఒకే పేజీలో నాలుగు పచ్చ బటన్లు. అసలుది చిన్న అక్షరాల్లో ఉంటుంది, మిగతావన్నీ ప్రకటనలు. గూగుల్ ఫలితాల్లోనూ పైన ‘స్పాన్సర్డ్’ అని ఉన్నది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన.

ఎర్ర తెర చూసి ఫోన్ చేయకండి!

ఉన్నట్టుండి తెరంతా ఎర్రగా మారుతుంది. సైరన్ మోగుతుంది. ‘మీ కంప్యూటర్ లాక్ అయింది, ఆపితే డేటా మొత్తం పోతుంది, మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కు ఫోన్ చేయండి’ అని ఒక నంబర్ కనిపిస్తుంది. మౌస్ కదిలినా మూసే గుర్తు దొరకదు.

అదొక వెబ్ పేజీ. అంతకు మించి ఏమీ కాదు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదని ఆ కంపెనీయే చెబుతుంది. ఫోన్ చేస్తే అవతలివాడు మర్యాదగా మాట్లాడి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్ వేయిస్తాడు. మామూలుగా ఉండే ఫైళ్లనే చూపించి ఇవన్నీ వైరస్‌లంటాడు. ఆ తర్వాత కార్డు నంబర్, ఓటీపీ అడుగుతాడు. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో ఐదు కేసుల్లో 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులతో నమోదైన కేసులు సరిగ్గా ఇటువంటి కాల్‌సెంటర్ల మీదివే.

ఎర్ర తెర వస్తే ఎస్కేప్ మీటను కొన్ని సెకన్లు అదిమిపట్టండి. నిండుతెర పోయి మూసే గుర్తు కనిపిస్తుంది. కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎంచి ‘ఎండ్ టాస్క్’ నొక్కండి. మళ్లీ తెరిచినప్పుడు ‘పాత పేజీలు తెరవనా?’ అని అడిగితే వద్దనండి.

ఈ ఆదివారం పని ఇదీ

1. ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు, పట్టా కాగితాల స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టండి.

2. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరవండి. విండోస్ 10లో దాని పేరు యాప్స్ అండ్ ఫీచర్స్. తేదీ వరుసలో పేర్చండి. గోల మొదలైన రోజుల్లో వచ్చి కూర్చున్నవి, మీరు వేయనివి చూడండి. సెర్చ్ బార్లు, కూపన్లు, ‘పీసీ క్లీనర్లు’, ‘డ్రైవర్ అప్‌డేటర్లు’ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తీసేటప్పుడు కూడా ‘ఉంచుతారా?’ అని మెలిక పెడతాయి. నిదానంగా చదివి నొక్కండి. మీ మిషన్ కంపెనీ పేరు, ఇంటెల్, ఏఎండీ, మైక్రోసాఫ్ట్ పేర్లున్నవి ముట్టుకోవద్దు.

3. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌కు పోండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసగా తెరవండి. అనుమతి పొందిన సైట్ల జాబితాలో తెలియని ప్రతి పేరునూ తీసేయండి. చాలా ఇళ్లలో సగం గోల ఇక్కడే ఆగిపోతుంది.

4. ఎక్స్‌టెన్షన్స్ పేజీ తెరవండి. మీరు వాడనివన్నీ రిమూవ్ చేయండి. ఇంటి కంప్యూటర్‌లో క్రోమ్ ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని చూపిస్తే అనుమానించండి. యాడ్‌వేర్ కొన్నిసార్లు ఆఫీసు వాళ్లు పెట్టే నియమాల రూపంలో దాక్కుంటుంది. కొన్ని యాంటీవైరస్‌లు వేసినా ఆ మాట రావచ్చు.

5. సెర్చ్ ఇంజిన్, ఆన్ స్టార్టప్ పేజీలు చూసి పాతవి పెట్టుకోండి. అప్పటికీ మారకపోతే రీసెట్ సెట్టింగ్స్ నొక్కండి. బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డ్‌లు పోవు.

6. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కు పోయి ఫుల్ స్కాన్ పెట్టండి. దీనికి టైమ్ పడుతుంది. పెట్టి బువ్వ తిని రండి. మొండివాటికి అక్కడే ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. అది మిషన్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో, రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద, అక్కర్లేని యాప్‌లను అడ్డుకునే మీట ఉంది. దాన్ని ఆన్ చేయండి.

7. ఇంకా మిగిలితే మాల్‌వేర్‌బైట్స్ వారి సొంత సైట్ నుంచి యాడ్‌డబ్ల్యూక్లీనర్ దించుకోండి. ఉచితం. యాడ్‌వేర్ పట్టడానికే చేసినది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా ఉచిత క్లీనింగ్ టూల్స్ ఉన్నాయి. అడ్రసు: సీఎస్‌కే డాట్ గవ్ డాట్ ఇన్.

8. అంతా శుభ్రమయ్యాక జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. పిల్లలకు వేరే స్టాండర్డ్ యూజర్ ఖాతా పెట్టండి. అప్పుడు చాలా ప్రోగ్రాములు పెద్దల పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రాలేవు.

విండోస్ 10 వాడేవాళ్లు ఇంకొకటి గమనించండి. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగింపు ఉంది. మీ మిషన్ విండోస్ 11కు పనికొస్తుందో లేదో అప్‌డేట్ పేజీలో చూసుకోండి.

అందరం చేయాల్సింది

కంప్యూటర్ షాపుల అన్నలారా! మీ కష్టం మాకు తెలుసు. గిరాకీ తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అయినా ఫార్మాట్‌కు ముందు ఈ పనులు చేసి చూడండి. దానికి కూలి తీసుకోండి, ఇస్తాం. దొంగ యాక్టివేటర్ మాత్రం వేయకండి.

డీటీపీ, జిరాక్స్ షాపులవారూ! మీ దగ్గర జనం ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ చేయిస్తారు. మీ మిషన్‌లో యాడ్‌వేర్ ఉంటే ముప్పు మీ ఒక్కరితో ఆగదు. తెలుగులో వినతిపత్రం టైపు చేయడానికి క్రాక్ ఫాంట్ అక్కర్లేదు. విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది. లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో చేర్చుకుంటే చాలు. లెక్కలకు, ఉత్తరాలకు లిబ్రే ఆఫీస్, సినిమాలకు వీఎల్‌సీ ఊరికే దొరుకుతాయి. వాటి అసలు సైట్ల నుంచే తీసుకోండి.

సార్లూ, మేడమ్‌లూ! కంప్యూటర్ క్లాసులో పెయింట్ బొమ్మ నేర్పిన రోజే ‘అలౌ’, ‘బ్లాక్’ బటన్ల తేడా కూడా నేర్పండి.

కాలేజీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకు ఇదంతా చిటికెలో పని. మీ గల్లీలో రెండిళ్లకు పోయి చేసి పెట్టండి. మీరు చేసి లేచిరావద్దు, ఇంటామె చేత చేయించండి. మళ్లీ వస్తే ఆమే తీసేసుకోవాలి. మన ఊళ్లో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం, మరాఠీ మాట్లాడే ఇళ్లున్నాయి. ఈ కాగితం చదవలేనివారికి వారి భాషలో చెప్పండి.

‘మాకెక్కడొస్తుంది ఈ కంప్యూటర్ల గోల’ అనే తల్లులకు ఒక్క మాట. మన పక్కనే ఉన్న మాచ్‌నూరులో 2008లో సంఘం రేడియో మొదలైంది. నడిపింది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు. మైకు, మిక్సరు, రికార్డింగు అన్నీ వాళ్ల చేతుల్లోనే నడిచాయి. రేడియో స్టేషన్ నడిపిన గడ్డ మీద నాలుగు బటన్లు మనకు భారం కాకూడదు.

పైసలు పోతే సిగ్గుపడి దాచకండి!

కార్డు నంబరో ఓటీపీయో చెప్పి మోసపోతే ముందు ఇంటర్నెట్ తీసేయండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే పైసలు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి. బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించండి. కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. తప్పు చేసినవాడు వాడు, మీరు కాదు.

చదవకుండా ‘నెక్స్ట్’ నొక్కవద్దు!
తెలియని సైట్‌కు ‘అలౌ’ ఇవ్వవద్దు!
తెర మీది నంబర్‌కు ఫోన్ చేయవద్దు!
క్రాక్ సాఫ్ట్‌వేర్ ఇంటికి తేవద్దు!

ఈ ఆదివారం ప్రతి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చోండి. మీది అయ్యాక పక్కింటిది చూడండి. ఈ కాగితాన్ని పారేయకండి, ఇంకొకరికి ఇవ్వండి.

ఇట్లు,
జహీరాబాద్‌లోని కొందరు కంప్యూటర్ టీచర్లు, విద్యార్థులు