సెకనుకు 340 అడుగులట! లాగేది ఎవరు?

తమ్ముడూ, చెల్లీ, ఫోన్‌లో విల్లు ప్రకటన వచ్చిందంటే ముందు కనపడేది ఒక అంకె. 330, 340, 350. సెకనుకు అన్ని అడుగుల వేగంతో బాణం దూసుకుపోతుందట. మనోళ్లు కూడా అదే షేర్ చేసి "ఇది కొంటే తిరుగులేదు బ్రో" అని రాసేస్తున్నారు. జీడిపిక్కలు అమ్మిన డబ్బు, తునికాకు డబ్బు, అన్న పంపిన జీతం కలిపి దాని మీద పెట్టే ముందు, ఆ అంకె ఎక్కడిదో ఒకసారి అడుగుదాం.

దానికో కొలత పద్ధతి ఉంది. కాంపౌండ్ విల్లుని 70 పౌండ్లకి బిగిస్తారు. 30 అంగుళాలు వెనక్కి లాగుతారు. 350 గ్రెయిన్ల బాణం పెడతారు. అంటే 23 గ్రాములు కూడా ఉండదు, అంత తేలిక. అప్పుడు వచ్చిన వేగాన్ని పెద్దక్షరాలతో వేస్తారు. ఇది అమెరికాలో వేటగాళ్లకి విల్లులు అమ్మే వ్యాపారం పెట్టుకున్న లెక్క. మన దేశంలో 1972 చట్టం తర్వాత వేట నేరం. (ఆ చట్టం మన తాతలని ఏం చేసిందో ఇంకో రోజు మాట్లాడుకుందాం.) మరి వాళ్ల వేట లెక్కతో నువ్వెందుకు విల్లు కొంటున్నావ్?

నీ లెక్క వేద్దాం. చేతులు రెండూ చాచి నీ బార ఎన్ని అంగుళాలో కొలువు. దాన్ని రెండున్నరతో భాగించు. నువ్వు నారిని ఎంత వెనక్కి లాగగలవో సుమారుగా తెలుస్తుంది. 30 రావాలంటే నీ బార 75 అంగుళాలు, అంటే ఆరడుగుల పైన మూడంగుళాలు ఉండాలి. మన గూడేల్లో అంత బార ఉన్నోళ్లు ఎంతమంది? నీకు 27 వచ్చిందనుకో. ఒక్కో అంగుళం తగ్గితే దాదాపు 10 అడుగుల వేగం పోతుంది, అంటే 30 పోయింది. 70 బదులు 55 పౌండ్లే లాగగలవనుకో, పౌండుకి సుమారు 2 చొప్పున ఇంకో 30 పోయింది. గురి నిలబడే బాణం 400 గ్రెయిన్లు ఉంటే ఇంకో 15 దాకా పోయింది. 340 అని కొన్నది నీ చేతిలో 265 దగ్గర తేలుతుంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చెప్పింది నీ చెయ్యి గురించి కాదు, అంతే.

ఇంకో సంగతి ప్రకటనలో వెయ్యరు. వరల్డ్ ఆర్చరీ పోటీల్లో కాంపౌండ్ విల్లు 60 పౌండ్లు దాటకూడదు. ప్రపంచంలో ఎవరికైనా అదే హద్దు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖకి కూడా అదే హద్దు. 70 పౌండ్లతో కొలిచిన వేగం పోటీ మైదానంలోకి అడుగే పెట్టలేదు. పైగా ఇలాంటి విల్లుల్లో చాలావాటిని 10 పౌండ్లే తగ్గించగలం. 60-70 అని రాసి ఉన్నది కొంటే 60 కన్నా కిందికి దిగదు. నువ్వు లాగేది 45 అయితే ఆ విల్లు గోడకి తగిలించుకోడానికే.

అసలు వేగం దేనికి? కాంపౌండ్‌లో లక్ష్యం 50 మీటర్ల దూరం. 340 అడుగుల వేగానికీ 290కీ తేడా అక్కడికి చేరేసరికి సెకనులో పదో వంతు కూడా రాదు. అట్ట లక్ష్యం అడవి పందిలా పరిగెత్తదు కదా! అది నీ కోసం అక్కడే నిలబడి ఉంటుంది. దానికి కావాల్సింది 72 బాణాలు ఒకే తీరుగా వదిలే చెయ్యి.

రికర్వ్ సంగతి ఇంకా కష్టం. కాంపౌండ్‌లో చక్రాలు ఉంటాయి కాబట్టి పూర్తిగా లాగాక బరువు బాగా తగ్గిపోతుంది. రికర్వ్‌లో, మన వెదురు విల్లులో ఆ సుఖం లేదు. ఎంత లాగితే అంత బరువూ వేళ్ల మీద, భుజం మీద ఉంటుంది. 40 పౌండ్ల విల్లుతో 72 బాణాలు వేస్తే మొత్తం 1,300 కిలోలు లాగినట్టు. పద్నాలుగేళ్ల పిల్లాడి చేతికి అది ఇస్తే ఏమవుతుంది? విల్లు ఆకాశం వైపు ఎత్తి లాగుతాడు, నడుం వెనక్కి వంచుతాడు, గురి కుదరకముందే వదిలేస్తాడు. ఆ అలవాటు ఒంటికి పట్టిందంటే తర్వాత తేలిక విల్లు ఇచ్చినా పోదు. తర్వాత భుజం నొప్పి. ఆ తర్వాత "వీడికి శ్రద్ధ లేదు" అన్న మాట.

ఇక్కడే నా అసలు కోపం. మన పిల్లలకి బరువు విల్లు ఇచ్చేటప్పుడు చెప్పే మాట ఒకటుంది: "మీరు పుట్టుకతోనే విలుకాళ్లు, మీ రక్తంలోనే ఉంది." వినడానికి పొగడ్తే. కానీ దాని వెనక ఉన్న అర్థం ఏమిటి? వీళ్లకి మెట్టుమెట్టుగా నేర్పక్కర్లేదు, తేలిక విల్లు కొనక్కర్లేదు, ఉన్నది ఇచ్చేస్తే చాలు అని. పట్నం పిల్లాడికి 18 పౌండ్లతో మొదలుపెట్టి మనోడికి 36 ఎందుకు? ఏకలవ్యుడి దగ్గర బొటనవేలు తీసుకున్నారు. ఇప్పుడు భుజం కూడా ఇవ్వాలా?

మన తాతలు ఇలా చెయ్యలేదు. వెదురు విల్లు మీద పౌండ్లు రాసి ఉండవు. బద్ద చెక్కుతారు, వంచి చూస్తారు, మళ్లీ చెక్కుతారు. లాగేవాడి చెయ్యిని బట్టి విల్లు. చిన్నోడికి చిన్నది. రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లా ఆదివాసీ పల్లె నుంచి వెదురు విల్లుతోనే వచ్చిన లింబారామ్ 1988, 1992, 1996 ఒలింపిక్స్ ఆడాడు. 1992లో బీజింగ్‌లో 30 మీటర్ల పోటీలో 360కి 358 కొట్టి ప్రపంచ రికార్డుని అందుకున్నాడు. 36 బాణాల్లో పోయింది రెండే పాయింట్లు. అది రక్తం కాదు, ఒకే పని ఒకే తీరుగా చేసిన సాధన.

అలాగని ఎప్పటికీ తేలిక విల్లుతోనే ఉండమని చెప్పట్లేదు. రికర్వ్‌లో 70 మీటర్లకి 20 పౌండ్లతో పని జరగదు, బరువు పెంచాల్సిందే. కానీ నీకు సరిపడే బరువేదో తెలుసుకునే పరీక్ష సులువు. కింద కూర్చో, కాళ్లు ముందుకు చాచు, విల్లుని లక్ష్యం వైపే ఉంచి నిటారుగా లాగు. పైకెత్తకుండా లాగలేకపోతే అది నీ విల్లు కాదు. లాగి పది అంకెలు లెక్కపెట్టు. చెయ్యి వణికితే కాదు. సాయంత్రం ఆఖరి బాణం పొద్దున మొదటి బాణంలా పోతోందా? పోతుంటే 2 పౌండ్లు పెంచు. ఒకేసారి 10 పెంచొద్దు. రికర్వ్ కొనేవాళ్లు మధ్య పిడి మంచిది కొనుక్కోండి, కొమ్మలు మాత్రం తేలికవి తీసుకోండి. బలం పెరిగాక కొమ్మలు మార్చుకుంటే సరిపోతుంది. కొమ్మల మీద రాసే బరువు 28 అంగుళాల లాగుడికి అని మాత్రం మర్చిపోకండి. నీ లాగుడు 26 అయితే నాలుగు పౌండ్ల దాకా తగ్గుతుంది.

మన ఆశ్రమ పాఠశాలకో హాస్టల్‌కో విల్లులు వస్తున్నాయని తెలిస్తే బిల్లు పాస్ కాకముందే వెళ్లి అడగండి. వేగం ఎంతో అడగొద్దు. 16, 18, 20, 24 పౌండ్ల కొమ్మలు ఎన్నెన్ని జతలు తెస్తున్నారు, ఏ పిల్లకి ఏది ఇస్తారు, ఎవరు కొలిచి చూశారు అని అడగండి. అడిగి, వాళ్లు చెప్పింది కాగితం మీద రాయించుకుని రండి.