నకలు వేరు, నకిలీ వేరు

మనం నిత్యం వాడే 'అసలు', 'నకలు' అన్న మాటలు రెండూ అరబ్బీలో పుట్టి, ఉర్దూ తోవన తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. 'నకిలీ' కూడా ఆ కుటుంబంలోనిదే. అయినా తెలుగు వాడుక నకలుకూ నకిలీకీ మధ్య ఒక సూక్ష్మమైన భేదాన్ని పాటించింది. రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజుకు తీసుకొనే ప్రతి నకలు. తాను నకలునని అది తన నుదుటనే చెప్పుకొంటుంది. నకిలీ నాణెం మాత్రం అసలు నాణెంగా చెలామణీ కాజూస్తుంది. మొదటిదానిలో దోషం లేదు. రెండవది పుట్టుకతోనే అబద్ధం. ఈ భేదాన్ని విస్మరించడం వల్లనే నేటి శబ్ద పరికరాల వ్యాపారంలో న్యాయాన్యాయాల విచక్షణ మందగిస్తున్నది.

మైకులు, ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, ఇయర్‌ఫోన్లు పేరుపొందిన సంస్థల ముద్రలతో అసలు ధరలో నాలుగవ వంతుకూ, అంతకన్న తక్కువకూ లభించడం మనకు తెలియని విషయం కాదు. 'ఫస్ట్ కాపీ' అని వాటికొక ముద్దుపేరు కూడా ఉన్నది. షూర్ సంస్థ 1966లో విడుదల చేసిన ఎస్.ఎం. 58 మైకునే తీసుకొందాము. గాయకులూ ఉపన్యాసకులూ ప్రపంచమంతటా నమ్మి వాడే ఆ మైకుకు నకిలీలు కోకొల్లలు. అదే జాలీ, అదే పెట్టె, అదే పేరు. లోపల ఉన్నది మాత్రం వేరు.

అయితే ఒకరు కనిపెట్టిన దానిని మరొకరు చేయడమే నేరమా? కాదు. 1970 నాటి పేటెంట్ల చట్టం ఆవిష్కర్తకు ఇరవై సంవత్సరాల హక్కునిస్తున్నది. 2000 నాటి డిజైన్ల చట్టం నమోదైన రూపానికి పది సంవత్సరాలు, పొడిగింపుతో మరి అయిదు సంవత్సరాలు రక్షణ కల్పిస్తున్నది. గడువు తీరిన పిమ్మట ఆ విద్య లోకానిది. జర్మనీకి చెందిన న్యూమన్ సంస్థ 1949 నుండి 1965 వరకు తయారుచేసిన యు 47 మైకును పోలిన వాటిని నేడు పలువురు తమ తమ పేర్లతోనే చేసి, తక్కువ ధరకు అమ్ముతున్నారు. అది నకలు, న్యాయమైన వ్యాపారం.

పేరు సంగతి వేరు. వ్యాపార చిహ్నాన్ని పదేళ్లకొకసారి పునరుద్ధరించుకొంటూ ఎంతకాలమైనా నిలుపుకొనవచ్చును. దానిని దొంగిలించి వస్తువుపై ముద్రించినవారికి 1999 నాటి వ్యాపార చిహ్నాల చట్టం సామాన్యంగా ఆరు నెలల నుండి మూడేళ్ల వరకు ఖైదు, యాభై వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధిస్తున్నది. అట్టి వస్తువును అమ్మినవారికీ అదే శిక్ష. తగు జాగ్రత్త తీసుకొన్నాననీ, అనుమానించడానికి కారణం లేకపోయిందనీ రుజువు చేసి, సరుకు ఎవరి వద్ద కొన్నదీ చెప్పగలిగిన అమాయకునికి మాత్రమే మినహాయింపు.

"నేను దాచలేదు, ఇది కాపీ అని చెప్పే అమ్మాను" అంటాడు అంగడివాడు. ఈ వాదం వినసొంపుగా ఉన్నది కాని నిలువదు. ఇద్దరు కూడబలుక్కొని మూడవవాని సొత్తును పంచుకొనజాలరు గదా! పైగా, అమ్మేవానికీ కొనేవానికీ నిజం తెలిసినప్పుడు ఆ పేరు ఎవరి కోసం? చూసే నాలుగవ మనిషి కోసం. రేపు దానిని అద్దెకు తీసుకొనే పెండ్లివారి కోసం, పాతసరుకుగా కొనే అమాయకుని కోసం. అబద్ధం అంగడిలో ఆగిపోదు. వస్తువుతోపాటు చేతులు మారుతుంది.

"పేదవాడు ఖరీదైన సరుకు ఎట్లా కొంటాడు?" అన్నది మరింత గట్టి ప్రశ్న. పేదవానికి కావలసినది చౌకయైన మైకు. పరాయి పేరు కాదు. ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్‌ను వెలువరించి, పిమ్మట ఇతర సంస్థలు రుసుము లేకుండా దానిని తయారుచేయడానికి అనుమతించింది. పలువురు తమ పేర్లతో చేయబట్టే ఖవ్వాలీ అయినా హరికథ అయినా సామాన్యుని ఇంటికి చేరింది. ఆ పని చేసినవి నకళ్లే గాని నకిలీలు కావు.

ధర్మం మాటకు వస్తే, దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిందనీ, వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసిన ధాన్యాన్ని జనులకు కనబడేలా పైనే ఎందుకు ఉంచలేదని అడిగారనీ హదీసు తెలుపుతున్నది. వాన కురవడం వర్తకుని తప్పు కాదు. తడి ధాన్యాన్ని అమ్మరాదనీ ఆయన అనలేదు. దాచడమే దోషమైంది. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వ్యాపార నామం, వ్యాపార చిహ్నం కూడా యజమాని ఆస్తియేననీ, వాటిపై దురాక్రమణ తగదనీ తీర్మానించింది. ఈ విషయంలో దేశ చట్టమూ ధర్మశాస్త్రమూ ఒక్కమాట మీదనే ఉన్నవి.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు అంగళ్లలో కూర్చుంటారు; కొందరు స్వయంగా పరికరాలు తయారుచేస్తారు. చౌకగా చేయండి, చక్కగా చేయండి, మీ పేరు పెట్టి చేయండి. పెద్దలైన కళాశాల కమిటీ సభ్యులకు కూడా ఒక మనవి: సభామందిరానికి మైకు కొన్నా, ప్రయోగశాలకు స్పీకరు కొన్నా, తయారీదారు పేరు స్పష్టంగా వ్రాసిన బిల్లునూ గ్యారంటీ పత్రాన్నీ పట్టుబట్టి తీసుకొనండి. సత్యాన్ని గూర్చి మనం ఉపన్యసించే మైకు అబద్ధపు పేరుతో మన ముందు నిలబడరాదు.