బాగుపడటమే ఎదగటమా?

యువతరం నవల అనగానే మన సమీక్షకులు, బహుమతి కమిటీల పెద్దలు, తెలుగు మాస్టార్లు ఒకే కొలబద్ద పట్టుకొస్తున్నారు. చివరి పేజీకి కుర్రాడు బాగుపడ్డాడా లేదా? తలబిరుసు తగ్గి, అమ్మానాన్నల మాట విని, చదువులో పడితే 'పాత్ర ఎదిగింది' అని మెచ్చుకుంటారు. అలా జరక్కపోతే 'పాత్రలో పరిణామం లేదు' అని ఒక్క వాక్యంతో పుస్తకాన్ని పక్కన పడేస్తారు. ఈ ధోరణి ఈమధ్య మరీ ముదిరింది. నవలకు ప్రోగ్రెస్ కార్డు రాసే ఈ పద్ధతిని విమర్శ అని ఒప్పుకోవటం నా వల్ల కాదు.

ఈ జబ్బు మూలం కోఠి పుస్తకాల దుకాణాల్లోనే దొరుకుతుంది. ఉపవాచకం గైడు తిరగేయండి. నవలలో మనిషి కిందామీదా పడి బతికిన బతుకంతా 'ధైర్యవంతుడు', 'త్యాగశీలి', 'పట్టుదల గలవాడు' అనే మూడు ఉపశీర్షికలై కూర్చుంటుంది. అది బట్టీపట్టి పెరిగినవాళ్లే ఇవాళ విమర్శకులు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' కూడా నవలల పక్కనే ఉంటుంది. మెట్లు చూపిస్తానని ఆయన అట్ట మీదే చెప్పారు, అందులో మోసమేమీ లేదు. నవలకు కూడా మెట్లు కట్టి తీరాలనే వాళ్లతోనే నా తగాదా.

అదే కోఠిలో, సుల్తాన్ బజార్‌లో, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇప్పటికీ ఉంది. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో కుర్రాళ్లను ఎదిగించింది ఇలాంటి గ్రంథాలయాలే. ఆ గ్రంథాలయ ఉద్యమం నుంచి వచ్చినవాడే వట్టికోట ఆళ్వారుస్వామి. హోటల్లో సర్వరుగా పనిచేశాడు, పుస్తకాలు మోసుకుని తిరిగి అమ్మాడు, దేశోద్ధారక గ్రంథమాల నడిపాడు, జైలుకెళ్లాడు. 1955లో వచ్చిన ఆయన 'ప్రజల మనిషి'లో కంఠీరవం దిమ్మెగూడెంలో దొర రామభూపాలరావు దౌర్జన్యాన్ని చూస్తూ పెరుగుతాడు, చివరికి ఆ దౌర్జన్యానికే ఎదురు నిలుస్తాడు. ఇప్పుడు చెప్పండి, ఇది బాగుపడటమా, చెడిపోవటమా? దొర గడీలో కూర్చుని చూస్తే ఆ పిల్లవాడు చెడిపోయాడు. 'బుద్ధిగా ఉన్నాడా' అని అడిగే ప్రతివాడూ, తనకు తెలియకుండానే, గడీ అరుగు మీద కూర్చునే అడుగుతున్నాడు. నాకు మండేది ఇక్కడే. మార్క్ ట్వేన్ హక్ ఫిన్ కూడా ఊరు నేర్పిన నీతిని కాదని, పారిపోయిన బానిస జిమ్‌ను పట్టివ్వకపోవటంలోనే పెద్దవాడయ్యాడు.

మార్పే లేకపోతే నవల ఎందుకని అడుగుతారు. 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో ఏ కుర్రాడు పరివర్తన చెందుతాడు? పొద్దున ఎంత గందరగోళంలో లేచాడో రాత్రికీ అంతే గందరగోళంలో ఉంటాడు. అయినా డబ్బుల్లేని పల్లెటూరి కుర్రాడికి నగరంలో చదువు ఎలా ఉంటుందో ఆ నవల చెప్పినంత లోతుగా ఏ 'పరిణామ' నవలా చెప్పలేదు. రవి కథ 'ముళ్ళపొదలు', 'అంతస్రవంతి'ల్లో కొనసాగింది. ఎదగటానికి అంత కాలం పడుతుందని రచయితకు తెలుసు. రెండు వందల పేజీల్లో పని ముగించమనే వాళ్లకే తెలియదు. ఇక, చెడ్డ ముగింపు చదివితే పిల్లలు చెడిపోతారన్న వాదన మాటకొస్తే, గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' చదివి ఎవరూ అందులోని సీతారామారావు కావాలని కోరుకోలేదు.

నన్నడిగితే, పాత్ర ఎంత మంచివాడయ్యాడన్న ప్రశ్న మానేసి, ఇంతకుముందు కనబడనిది ఏం కనబడింది, ఎవరి మాట ఇక నమ్మలేకపోయాడు అని వెతకాలి. దానికి మార్కులు ఎలా వేస్తారో నేను చెప్పలేను, వేయాలనీ అనుకోను. ఆళ్వారుస్వామి 1961లో పోయేనాటికి 'గంగు' నవల పూర్తికాలేదు. సగంలో ఆగిన రూపంలోనే అది అచ్చయింది. చివరి పేజీ తిప్పి తీర్పు చెప్పేవాళ్లు ఆ పుస్తకాన్ని ఎక్కడి నుంచి చదవటం మొదలుపెడతారు?