టికెట్టు ఉచితమే, బస్సేదీ?

స్త్రీశక్తి పథకం వచ్చాక, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా డబ్బు కట్టకుండా బస్సెక్కుతున్నారు. మంచి పని. ఘంటసాల నుంచి బందరు (మచిలీపట్నం) ఆసుపత్రికో, చల్లపల్లి బజారుకో వెళ్లే ఇల్లాలికి మిగిలిన ప్రతి రూపాయీ ఆసరాయే. అయితే బస్సు రాని ఊళ్లో ఆ హక్కుతో ఏం చేసుకోవాలి? అక్కడ ఆడపిల్ల కాలేజీకి వెళ్లాలంటే అప్పు చేసి బండి కొనాలి, లేదా కిక్కిరిసిన సర్వీసు ఆటోలో అంచు మీద కూర్చోవాలి. కృష్ణా జిల్లాలోని దివిసీమకూ, బందరు, గుడివాడ పట్టణాలకూ వేళకు నడిచే విద్యుత్ బస్సులు కావాలి. వాటిని వెంటనే ఇవ్వాలి.

అడ్డు ఎక్కడుందో స్పష్టంగానే కనిపిస్తోంది. 10,000 విద్యుత్ బస్సులు నడిపేందుకు కేంద్రం 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవ పథకాన్ని ఆమోదించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రధానంగా మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకు అది వర్తిస్తుందని గీత గీసింది. ఆ లెక్కల్లో బందరుకు దాదాపు 1.70 లక్షలు, గుడివాడకు 1.18 లక్షలు. రెండూ గీత కిందే ఉండిపోయాయి. ఈ కొలతే తప్పు. బందరు అవసరం అక్కడ ఇల్లున్నవాళ్లతో తీరిపోదు. కలెక్టరేటు, కృష్ణా విశ్వవిద్యాలయం, 2023లో మొదలైన వైద్య కళాశాల చుట్టుపక్కల మండలాలన్నింటివీ. పొద్దున్నే ఆ దారి పట్టే పల్లెల జనాన్ని కూడా కలిపి లెక్క వేయాలి.

విద్యుత్ బస్సులే ఎందుకంటారా? వాతావరణ మార్పు గురించి దివిసీమకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న నేల ఇది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగినప్పుడు లంకల్లో పైర్లు మునిగాయి. సముద్రం వేడెక్కేకొద్దీ తుపానులు మరింత బలం పుంజుకుంటాయి, నీటిమట్టం పెరిగేకొద్దీ ఉప్పు పొలాల్లోకి ఎక్కుతుంది. ప్రపంచాన్ని కమ్మిన పొగలో ఈ పల్లెల వాటా అతి స్వల్పం, నష్టంలో మాత్రం పెద్దది. అందుకే వాతావరణం పేరిట ఖర్చయ్యే ప్రతి రూపాయి మీదా ముందు హక్కు వీళ్లది. మహానగరాలకు పంచగా మిగిలితే ఇస్తామంటే కుదరదు.

కరెంటూ బొగ్గు నుంచేగా వచ్చేది అని కొందరు అంటారు. నిజమే, చాలావరకు అంతే. అయినా నలభైమందిని ఎక్కించుకున్న డీజిల్ బస్సు సైతం నలభై మోటారు సైకిళ్ల కన్నా ఎంతో తక్కువ పొగ వదులుతుంది. విద్యుత్ బస్సయితే బడి ముందు, ఆసుపత్రి ముందు ఆ కాస్త పొగ కూడా ఉండదు. డిపోల కప్పుల మీద సౌర ఫలకలు పెడితే బొగ్గు వాటా ఇంకా తగ్గుతుంది. 2022 నుంచి తిరుమల ఘాట్ రోడ్డెక్కుతున్న విద్యుత్ బస్సులకు గుట్ట కూడా లేని డెల్టా రోడ్లు ఒక లెక్కా! బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో డిపోలు ఎలాగూ ఉన్నాయి. అక్కడ చార్జింగు ఏర్పాటు చేసి, బందరు–చల్లపల్లి–అవనిగడ్డ, చల్లపల్లి–పామర్రు–గుడివాడ దారుల్లో ముందుగా నడపాలి. రైలు ముఖం చూడని దివిసీమ మనిషి గుడివాడలోనో బందరులోనో రైలు అందుకునేలా వేళలు కలపాలి.

ఆటోవాళ్ల పొట్ట కొట్టి చేయాల్సిన పని కాదిది. ఉచిత ప్రయాణంతో దెబ్బతిన్నారని 2025 అక్టోబరులో ప్రభుత్వం వాళ్లకు తలా 15,000 రూపాయలు ఇచ్చింది. ఆ సొమ్ముతోనే బతుకు గడవదు. బస్సు తిరగలేని లోపలి ఊళ్ల నుంచి రోడ్డు దాకా జనాన్ని చేర్చే పని వాళ్లకు అప్పగించి, విద్యుత్ ఆటోలకు తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించాలి.

బస్సు కోసం నిలబడే చోటూ ముఖ్యమే. మే నెల మిట్టమధ్యాహ్నం నీడ లేని స్టాపులో నిండు గర్భిణిని నిలబెట్టడం అన్యాయం. చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు తెల్లవారుజామునే లేచి రోడ్లు శుభ్రం చేస్తున్నారు, మొక్కలు పెంచుతున్నారు. జనం సొంతంగా అంత చేస్తుంటే పంచాయతీలు, ఆర్ అండ్ బి శాఖ ప్రతి స్టాపుకూ ఒక కప్పు, రెండు చెట్లు ఇవ్వలేవా?

ఈ జిల్లాకిది కొత్త పోరు కాదు. 1958లో ఆర్టీసీ ఏర్పడగానే కృష్ణా జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వపరం చేయబోతే ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. విచారణ జరిగిన తీరు సరిగా లేదని ప్రభుత్వ ఉత్తర్వును కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మళ్లీ విచారణ జరిపి ముందుకే సాగింది. ఆ పట్టుదలే ఇప్పుడూ చూపాలి. మూడు లక్షల గీత చెరిపేయమని ఢిల్లీని అడగాలి. ఒప్పుకోకపోతే రాష్ట్రమే తన బడ్జెట్‌లో బందరు, గుడివాడ, అవనిగడ్డ డిపోలకు విద్యుత్ బస్సులు కేటాయించాలి.