పాత మోటారు సైకిలునకు క్రొత్త నిప్పురవ్వ

మా పాఠశాల ప్రహరీగోడ ప్రక్కను, వేపచెట్టు నీడను నిలిచియుండు నా మోటారు సైకిలును ఎఱుగని విద్యార్థి లేడు. అది 1974వ సంవత్సరమున మద్రాసు చెంత తిరువొత్తియూరు కార్ఖానాలో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు. మా తండ్రిగారు దానిని కొని, తాము నడపగలిగినంత కాలము నడిపి, నా చేతి కిచ్చిరి. నిరుడు వేసవి సెలవులలో నేను దాని పాయింట్లను తీసివేసి, వాని స్థానమున ఎలెక్ట్రానిక్ ఇగ్నిషను పరికరమును అమర్చితిని. నాటినుండి ఉపాధ్యాయుల గదిలో రెండు పక్షము లేర్పడినవి. "మంచి పని చేసితిరి" అనువారు కొందఱు. "తండ్రిగా రిచ్చిన బండికి గుండె మార్చివేసితిరి" అని నొచ్చుకొనువారు కొందఱు. రెండవ పక్షమువారి బాధ నాకు తెలియును. ఏలయన ఇరువదియేండ్లు నేనును ఆ పక్షముననే యుంటిని. అభిప్రాయము మార్చుకొన్నవాడు కారణము చెప్పవలసియుండును గదా. ఆ కారణమును చదువరుల యెదుట పెట్టుటకే ఈ చిన్న వ్యాసము.

చిన్న తరగతులవారి కొఱకు ముందుగా పాయింట్లన నేమో చెప్పెదను. పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము సిలిండరునందు నొక్కబడినపుడు, సరిగా తగిన క్షణమున ప్లగ్గు కొనయందు ఒక నిప్పురవ్వ పుట్టవలెను. ఆ రవ్వకు వేలకొలది వోల్టులు కావలెను; బ్యాటరీలో నున్నవి ఆరో, పండ్రెండో. ఈ కొఱతను తీర్చునది కాయిలు. దానిలో లావు తీగె కొన్ని చుట్లును, సన్నని తీగె వేలకొలది చుట్లును చుట్టబడియుండును. లావు తీగెలో పాఱుచున్న విద్యుత్తును తటాలున త్రెంచినచో, సన్నని తీగెలో క్షణకాలము పదివేల వోల్టులకు మించిన ఒత్తిడి పుట్టును. ఆ త్రెంచుపని చేయునవే పాయింట్లు. అవి రెండు చిన్న లోహపు బిళ్ళలు. ఇంజనుతో పాటు తిరుగు కామ్ అనెడి మిట్ట అందొకదానిని ఎత్తగా, రెంటి నడుమ సుమారు 0.4 మిల్లీమీటరు సందు ఏర్పడును. ఆ సందులో మెఱుపు నిలిచి బిళ్ళలు కాలిపోకుండ కాపాడునది కండెన్సరు.

ఇది నిన్న మొన్నటి యుపాయము కాదు. 1831లో మైఖేల్ ఫారడే కనుగొనిన విద్యుత్ప్రేరణ సూత్రమే దీనికి మూలము. ప్రయోగశాలలలో పై తరగతులవారికి చూపించు రూంకార్ఫు ప్రేరణచుట్టయు ఈ జాతిదే. అట్టి చుట్టకు కండెన్సరును చేర్చినయెడల రవ్వ బలపడునని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఫిజో 1853లో చూపెను. అమెరికాలో చార్లెస్ కెట్టరింగు ఈ సూత్రమును బ్యాటరీతో పనిచేయు ఇగ్నిషనుగా రూపొందింపగా, 1910 నాటి క్యాడిలాక్ కార్లలో అది ప్రవేశించెను. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి మద్రాసులో బుల్లెట్లను కూర్చుట మొదలిడునాటికిని, అటుపిమ్మట చాలకాలమును, పాయింట్లు లేని పెట్రోలు బండి మన దేశమున అరుదు. ఇన్ని తరముల ప్రయాణికులను మోసిన ఈ రెండు బిళ్ళలను చులకనగా మాటలాడువాడు వానిని ఎఱుగనివాడే.

అయినను వానికి పుట్టుకతో వచ్చిన లోపములు కలవు. నా బండి ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అది నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక రెండు చుట్లకు ఒక రవ్వ చాలును. అనగా నిమిషమునకు 1500 సార్లు, గంటకు తొంబదివేల సార్లు పాయింట్లు తెఱచి మూసికొనవలెను. తెఱచిన ప్రతిసారియు బిళ్ళల ముఖములు రవంత కాలి గుంటలు పడును. కామ్‌పై రాచుకొను ఫైబరు మడమ రవంత అరుగును. మడమ అరిగినకొలది సందు తగ్గును. సందు తగ్గినకొలది రవ్వ ఆలస్యమగును. తుదకు పాయింట్లు తెఱచుకొనకయే పోవును. కండెన్సరు చెడినచో వేడెక్కిన ఇంజను ఆగిపోయి, చల్లారినపిదప ఏమియు నెఱుగనట్లు మరల పలుకును. కావున పాయింట్లు గల బండికి యజమాని మాటిమాటికిని మూత విప్పి సందు కొలిచి, కామ్‌నకు ఇంత గ్రీజు పూయవలెను. మా తండ్రిగారు ప్రతి శనివారము సాయంకాలము ఈ పని తప్పక చేయువారు. నేను చేయుదు ననుకొనువాడను. ఈ రెంటికిని గల భేదము నాకు ఒక ఉదయమున తెలియవచ్చెను.

రెండేండ్లక్రిందట మార్చి నెలలో పదవతరగతి పరీక్షలు జరుగుచుండెను. ఆనాడు లెక్కల పరీక్ష. కేంద్రము మాకు పదునొకండు కిలోమీటర్ల దూరము. బోర్డింగు పిల్లవా డొకడు వచ్చునన్న బస్సు రాక, కన్నీరు నించుకొని నా వాకిట నిలిచెను. "భయపడకు నాయనా, నేను దించెదను" అని వానిని వెనుక నెక్కించుకొంటిని. సగము దారిలో, కాలువగట్టుమీద, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయెను. మూత విప్పి చూడగా పాయింట్లు తెఱచుకొనుట లేదు. మడమ అరిగి సందు పూర్తిగా పోయినది. అగ్గిపెట్టె ప్రక్కతో బిళ్ళలు రుద్దితిని. పోస్టుకార్డు ముక్కను మడిచి సందు కొలత పెట్టబోతిని. చీల తల అరిగియుండుటచే స్క్రూడ్రైవరు జాఱసాగెను. ఆ బాలుడు హాల్ టికెట్టును ఱొమ్మునకు అదుముకొని, ఒకసారి నా చేతులవంకను, ఒకసారి దారివంకను చూచుచుండెను. తుదకు బండి కదలి మేము చేరునప్పటికి పరీక్ష మొదలై పావుగంట గడచెను. అధికారులు దయతలచి లోనికి పంపిరి. వాడు ఉత్తీర్ణుడయ్యెను. కాని చివరి రెండు లెక్కలకు కాలము చాలలేదని తరువాత తెలిసినది. వాడు నన్ను పల్లెత్తుమాట అనలేదు. అనియుండినచో నాకు ఇంత కాలము గుర్తుండెడిది కాదేమో!

ఈ సంగతి విని నా మిత్రు డొకరు, "తప్పు పాయింట్లది కాదు, మీది" అనిరి. నిజమే. వారమున కొకమాఱు చూచుకొనియుండిన ఆ యుదయము అట్లు కాకపోయెడిది. అయితే నా వాదమునకు ఆయువుపట్టు ఇదియే. ఇతరులు నమ్మి యెక్కెడి యంత్రము యజమాని మఱపుమీదను, సోమరితనముమీదను ఇంతగా ఆధారపడరాదు. బండి నా వినోదమునకు మాత్రమే యైనచో, దారిలో అరగంట కూర్చుండి పాయింట్లు సవరించుట నాకు ముచ్చటయే. వెనుక కూర్చున్నవానికి అది ముచ్చట కాదు. పాతతనమును కాపాడుటలో కలుగు సంతోషము నాది, దానికి చెల్లించు మూల్యము మఱియొకనిది అయినప్పుడు ఆ సంతోషమును నేను వదలుకొనవలెను.

ఇక క్రొత్త పరికరము చేయుపని యేమి? కాయిలు విద్యుత్తును త్రెంచి రవ్వ పుట్టించు పద్ధతి నా బండిలో నేటికిని మాఱలేదు. త్రెంచు చేయి మాత్రమే మాఱినది. కామ్ ఉండుచోట చిన్న అయస్కాంతము తిరుగును. దాని రాకను ఎదుటనున్న సూక్ష్మ గ్రాహకము తాకకయే కనిపెట్టును. అయస్కాంతక్షేత్రము విద్యుత్ప్రవాహముపై చూపు ఈ ప్రభావమును ఎడ్విన్ హాల్ 1879లో కనుగొనెను. ఆ సంకేత మందుకొని విద్యుత్తును త్రెంచునది ట్రాన్సిస్టరు. అది 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జనించినది. రాపిడి లేదు గనుక అరుగుదల లేదు. అరుగుదల లేదు గనుక ఒకసారి కుదిర్చిన సమయము కదలదు. 1969లోనే కవాసాకివారి మూడు సిలిండర్ల బండి ఎలెక్ట్రానిక్ ఇగ్నిషనుతో వెలువడినది. కావున దీనిని పరీక్షకు నిలువని వింతయని అనుటకు వీలులేదు.

అమ్మకముదారులు చెప్పునదంతయు నమ్మవలదని తల్లిదండ్రులకు మనవి. ఈ నడుమ పాత బుల్లెట్లపై పిల్లలకు మోజు హెచ్చినది. దానితో పాటు వానికి అమర్చు సామగ్రియు అంగళ్ళలో హెచ్చినది. ఇది పెట్టినంత మాత్రమున బండి బలము పెరుగదు. చక్కగా కుదిర్చిన పాయింట్లు మంచి స్థితిలో ఏ బలము నిచ్చునో, ఇదియు దాదాపు అంతే యిచ్చును. విశేష మేమనగా, మొదటి దినమున ఇచ్చినదానినే మూడువందలవ దినమునను ఇచ్చును. కొనదగిన గుణము అదియే.

ప్రతిపక్షమువారి మాటలలో రెండింటికి నేను తల యొగ్గెదను. మొదటిది: పాయింట్లు చెడుటకు ముందు దగ్గి, మూలిగి చెప్పును, చెడినను అగ్గిపెట్టెతో, పోస్టుకార్డుతో ఇల్లు చేరవచ్చును. ఎలెక్ట్రానిక్ పరికరము చాలసార్లు చెప్పకయే చచ్చును. పల్లెటూరి మెకానిక్కు దానిని విప్పియు చూడలేడు, లోపలనంతయు గట్టిపడిన జిగురే. రెండవది: దానికి బ్యాటరీ బాగుండవలెను. నా బండివంటి 6 వోల్టుల బండ్లకు సాధారణముగా ముందు 12 వోల్టుల యేర్పాటు చేయవలెను. అనగా బ్యాటరీ, రెగ్యులేటరు, బల్బులు, హారను, కాయిలు అన్నియు మార్చవలెను. వోల్టేజి పడిపోయినపుడు కొన్ని పరికరములు వేళకాని వేళ రవ్వ విసరును; అప్పుడు కిక్కు వెనుకకు తన్ని చీలమండకు దెబ్బ తగులును. బ్యాటరీ కొనలు తాఱుమాఱుగా తగిలించినను, ప్లగ్గు తీగె ఊడదీసి ఇంజనును త్రిప్పినను పరికరము కాలిపోవచ్చును. అనగా జాగ్రత్త అక్కఱలేని యంత్రము లేదు; జాగ్రత్త పాయింట్లనుండి బ్యాటరీకి, తీగెలకు మాఱినది. అయితే బ్యాటరీని నెలకొకసారి చూచిన చాలును.

ఈ కారణములచేత నేను కొన్ని నియమములు పెట్టుకొంటిని. బండికి ఎక్కడను క్రొత్త రంధ్రము తొలువలేదు. ఏబదియేండ్లనాటి పెళుసు తీగెలను ముందు మార్చితిని. తీసిన పాయింట్లను, కండెన్సరును వాని ప్లేటుతోనే నూనె కాగితములో చుట్టి, బిస్కట్ల డబ్బాలో పెట్టి, పనిముట్ల పెట్టెలో నుంచితిని. అవసరమైనచో అరగంటలో మరల బిగింపవచ్చును. తండ్రిగారి బండికి గుండె మార్చితి ననువారికి నా సమాధానము ఆ డబ్బాయే. మఱియు మా తండ్రిగారు టైర్లు, గొలుసు, బ్రేకులు ఎన్నిసార్లు మార్చిరో లెక్కలేదు. వారు మార్చనిది ఒక్కటే: చెప్పిన వేళకు చేరుట. నాకు వచ్చిన ఆస్తి అది. వస్తుప్రదర్శనశాలలలో నిలుపదగిన అరుదైన బండ్ల మాట వేఱు. అవి చరిత్రకు సాక్ష్యములు, వానిని ముట్టరాదు. రోజూ బడికి పోవు బండి సాక్షి కాదు, సేవకుడు.

ఒక్క నష్టమునకు మాత్రము నావద్ద సమాధానము లేదు. పూర్వము తాళము త్రిప్పి, కిక్కును మెల్లగా నొక్కుచుండగా ఆమ్మీటరు ముల్లు ప్రక్కకు వాలి, పాయింట్లు తెఱచుకొన్న క్షణమున మధ్యకు వచ్చెడిది. ఆ గుర్తునుబట్టి పిస్టను ఎక్కడనున్నదో తెలిసికొని నిండుగా త్రొక్కినచో బండి ఒక్క దెబ్బకు పలికెడిది. కంటికి కనబడని విద్యుత్తు కంటి ముందర నడచిన ట్లుండెడిది. నేను విద్యుత్ప్రేరణమును నేర్చినది పుస్తకమునందు కాదు, మా తండ్రిగారి ఒడిలో కూర్చుండి ఆ ముల్లును చూచి. క్రొత్త పరికరముతో ఆ ముల్లు అట్లు ఆడదు.

అందుచేతనే, మార్పు చేయుటకు ముందు రెండు శనివారములు పదవతరగతి పిల్లలను వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిచేత పాయింట్ల సందు కొలిపించి, ముల్లు ఆట చూపించి, పిదపనే వాని చేతులతో చీలలు విప్పించితిని. విద్యార్థులకు నేను చెప్పునది ఇంతే: పాతదానిని తీసివేయు అధికారము దానిని ఎఱిగినవానికి కలదు. ఎఱుగకయే తీసివేసినవాడు క్రొత్తదానికి యజమాని కాడు, దాస్యము చేయువాడు. ముందు నేర్చుకొనుడు; పిమ్మట ధైర్యముగా మార్చుడు.

ఈ సంవత్సరము మార్చిలో ముగ్గురు పిల్లలను ఆ కేంద్రమునకే ఆ బండిమీదనే, మూడు దినములు, ఒక్కొక్కరిగా దింపితిని. మువ్వురును గంట కొట్టక ముందే తమ తమ స్థానములలో కూర్చుండిరి. కాలువగట్టుమీద నే నాగలేదు.