చొక్కాలో పడ్డ నిప్పు

పోపు వేస్తుంటే మూకుట్లోంచి ఆవగింజ ఎగిరి చేతిమీద పడుతుంది. చురుక్కుమంటుంది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. ఆలోచించి తీసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. మహా అయితే గరిటె జారి కింద పడుతుంది, అంతే. ఆ చేతిలో గరిటె బదులు తుపాకీ ఉంటేనో?

జంగారెడ్డిగూడెంలో తుపాకీ గొడవ ఎవరికి అనిపించవచ్చు. తిరునాళ్లలో బెలూన్లు పేల్చే గన్ను తప్ప చాలామంది పట్టుకుని ఎరగరు. కానీ పిల్లలు ఎన్‌సీసీలో చేరుతున్నారు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు వెళ్తున్నారు. అమెరికా వెళ్లినవాళ్లు అక్కడి స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజికి పోయి, ఆ ఫొటోలు ఇంటికి పంపుతున్నారు. క్యాంపు నుంచి వచ్చిన కూతురి మెడమీద సన్నటి ఎర్రమచ్చ కనపడిందనుకోండి. 'ఏంటే అది?' అని తల్లి అడుగుతుంది. 'ఖోకా తగిలిందమ్మా, ఏం కాదులే' అంటుంది పిల్ల. ఖోకా అంటే ఏమిటో తల్లికి తెలీదు. కంగారు మాత్రం మిగులుతుంది.

ఖోకా అంటే పేలిపోయిన తూటా తాలూకు ఖాళీ గుల్ల. ఫైరింగ్ రేంజిలో వినపడే హిందీ మాట అది. తూటా మొత్తం ఎగిరి లక్ష్యానికి పోతుందని చాలామంది అనుకుంటారు. పోయేది ముందున్న సీసపు ముక్క ఒక్కటే. మందు నింపిన గుల్ల తుపాకీలోనే ఉండిపోతుంది. సాధారణంగా అది ఇత్తడిది. లోపల మందు భగ్గున మండేసరికి గుల్ల కాలిపోతుంది. ఆ వెంటనే ఒక చిన్న కొక్కెం దాని అంచు పట్టి వెనక్కి లాగుతుంది. రెండోవైపు నుంచి ఓ మొన అడ్డు తగిలి పక్కకు ఎగరగొడుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. ఇత్తడి వేడిని ఇట్టే ఒంటికి అంటిస్తుంది. కాకపోతే గుల్ల పలచన కాబట్టి త్వరగానే చల్లారుతుంది. తగిలి జారిపోతే చురుకు తప్ప ఏమీ ఉండదు. కాలరుకూ మెడకూ మధ్యనో, కళ్లజోడుకూ చెంపకూ మధ్యనో ఇరుక్కుంటేనే బొబ్బ.

మన సైన్యం 1990ల నుంచి వాడిన ఇన్‌సాస్‌తో సహా చాలా రైఫిళ్లు గుల్లను కుడివైపుకే విసురుతాయి. అందుకే వరసగా బోర్లా పడుకుని కాలుస్తున్నప్పుడు దెబ్బ తినేది చాలాసార్లు కాల్చినవాళ్లు కాదు, వాళ్ల కుడిపక్కనున్నవాళ్లు! ఎన్‌సీసీ పిల్లలు మొదట పట్టే పాయింట్ టూటూ రైఫిల్‌తో ఈ బాధ తక్కువ. దాని బోల్టును చేత్తో వెనక్కి లాగితేనే గుల్ల బయటికొస్తుంది. తిరునాళ్ల ఎయిర్‌గన్‌లో మందే లేదు, ఇక గుల్ల ఎక్కడిది? గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన పది మీటర్ల పోటీ కూడా ఎయిర్ రైఫిల్‌దే.

మన హైదరాబాదీ ఈషా సింగ్ సంగతి వేరు. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆమె 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. ఆ పోటీ క్వాలిఫికేషన్‌లోనే 60 గుళ్లు కాల్చాలి. ఒక్కొక్కరి పక్కనుంచి 60 గుల్లలు ఎగురుతాయన్నమాట. పక్క షూటరు మీద పడకుండా స్థానాల మధ్య పారదర్శకమైన తెరలు పెట్టాలని అంతర్జాతీయ నిబంధన కూడా ఉంది.

ఎడమచేతి వాటం వాళ్ల కష్టం ఇంకొంచెం ఎక్కువ. కుడివైపుకు ఎగిరే గుల్ల వాళ్ల ముఖం ముందునుంచే పోతుంది. బ్రిటిష్ సైన్యపు ఎస్‌ఏ 80 రైఫిల్‌ని అసలు ఎడమభుజం మీద పెట్టి కాల్చనే కూడదు, గుల్ల సూటిగా మొహానికే తగులుతుంది. అమెరికావాళ్లు 1980లలో ఎమ్16ఏ2 రైఫిల్ చేసినప్పుడు గుల్ల బయటికొచ్చే కిటికీ వెనక చిన్న దిమ్మ కట్టారు. ఎడమచేతి వాళ్ల మీదికి రాకుండా అది గుల్లను మళ్లిస్తుంది. బెల్జియంవాళ్ల పీ90లో గుల్ల కిందికే రాలుతుంది.

కుడిచేతి వాటమైనా గుల్లలు అదేపనిగా మొహం మీదికే వస్తున్నాయంటే ఏదో తేడా ఉన్నట్టు. మణికట్టు వదులుగా పెడితే పిస్టల్ సరిగా పనిచెయ్యదు, గుల్ల దారి తప్పుతుంది. కొక్కెం అరిగినా, తూటా బలానికీ స్ప్రింగుకూ పొంతన కుదరకపోయినా అంతే. ఇక నాలుగు గోడల మధ్య రేంజిలో గుల్ల పక్కగోడకు కొట్టుకుని తిరిగి వస్తుంది.

2016 జూలైలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, సారసోటాలో అదే జరిగింది. ఒక తండ్రి పిల్లల్ని తీసుకుని రేంజికి వెళ్లాడు. కాల్చిన గుల్ల గోడకు తగిలి వెనక్కొచ్చి ఆయన చొక్కాలో, వీపు మీద పడింది. మంటకు ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి పెట్టాడు. ఆ చేతిలో పిస్టల్ ఉంది. అది పేలింది. వెనకనున్న 14 ఏళ్ల కొడుకు చనిపోయాడు. ఆ తండ్రి తుపాకీ ఎరగనివాడేమీ కాదు. పోపులో ఆవగింజ పడితే చెయ్యి ఎలా కదులుతుందో అలాగే కదిలింది.

అందుకే మంచి శిక్షకులు మొదటిరోజే ఒక మాట చెబుతారు. ఏది మీద పడినా గొట్టం లక్ష్యం వైపే ఉండాలి. వేలు ట్రిగ్గరు మీంచి తీసెయ్యాలి. తుపాకీని ముందున్న బల్లమీదో నేలమీదో పెట్టాలి. ఆ తర్వాతే చొక్కా దులుపుకోవాలి. ఆ రెండు క్షణాల మంట ఓర్చుకోవాల్సిందే. చెప్పినంత తేలిక కాదిది. తూటాల్లేని తుపాకీతో పదేపదే సాధన చేయిస్తేనే ఒంటికి పడుతుంది. ఇంటికొచ్చిన పిల్లను 'ఎన్ని గుళ్లు తగిలాయి?' అని అడిగేవాళ్లు ఇది కూడా అడిగితే బావుంటుంది... 'ఖోకా పడినప్పుడు ఏం చేశావ్?'

అసలు పడకుండా చూసుకోవడం బట్టల్లో ఉంది. మెడ మూసుకునే చొక్కా, పైగుండీ పెట్టుకుని. అమ్మాయిలు వెడల్పు మెడ కుర్తా వేసుకోకపోతే మంచిది, చున్నీ అసలే వద్దు. ముందు అంచున్న టోపీ పెట్టుకుంటే పైనుంచి వచ్చే గుల్ల కళ్లజోడు వెనక దూరదు. కళ్లజోడు కూడా పక్కల్ని కప్పేదై ఉండాలి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు. చెవులకు రక్షణ ఎలాగూ తప్పదు.

కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. మన ఇళ్లలో అలవాటైన టూత్‌పేస్టు, సిరా వద్దు. కంటికి తగిలితే నలపకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గుల్లలు ఏరిన చేతులతో టిఫిన్ తినకూడదు. వాటికి సీసపు మసి అంటుకుని ఉంటుంది, సబ్బుతో కడుక్కోవాలి.

గుర్తుగా ఒక గుల్ల జేబులో వేసుకొచ్చే సరదా కొందరికి ఉంటుంది. సైనిక రేంజిలో ప్రతి గుల్లకూ లెక్క ఉంటుంది, తిరిగి అప్పగించాలి. అమెరికా నుంచి వచ్చే అబ్బాయి అలాంటిదొకటి సూట్‌కేసులో పెట్టుకొస్తే విమానాశ్రయంలో బోలెడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఫొటో చాలు.